అవ్వ కూర్చున్న రాయి

రచయిత్రి మా ఊరు వస్తోందన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చింది మా ఆడబిడ్డ. హనుమకొండలో ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పేది. ఆ రోజు బస్సు దిగి, చెప్పులు వాకిట్లో విడవడం కూడా మరిచిపోయి నడిమింట్లోకి వచ్చేసింది.

"చిన్నొదినా, ఆమె వస్తాందట! మన గల్లీకే వస్తాందట! పత్రికోళ్ళు ఫోటోలు తీస్తరట. నవలల ఉన్న జాగలన్నీ తిరుగుతరట!"

నేను దుకాణానికి చింతపండు గింజ తీస్తున్నాను. చేతిలోని గుండ్రాయి చేతిలోనే ఉండిపోయింది. వంటింట్లో ఉన్న అక్క కూడా వినే ఉంటుంది, కానీ బయటికి రాలేదు. తిరగమోత వేసిన చప్పుడు మాత్రం వినపడింది.

అక్క అంటే నా తోడబుట్టినది కాదు. మా బావగారి భార్య, మా వైపు మాటలో యారాలు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర ఇద్దరం ముసలివాళ్ళమయ్యాం. ఇక రచయిత్రి సంగతి. నేను కోడలిగా రాకముందు మా గల్లీ మలుపులో ఒక పెంకుటింట్లో మిల్లు గుమాస్తా అద్దెకుండేవాడట. ఆయన కూతురు ఆమె. చిన్నప్పుడే ఊరు విడిచి వెళ్ళింది. డెబ్బైల్లో ఒక వారపత్రికలో మా వరంగల్ మీద సీరియల్ రాసి, రాష్ట్రమంతా పేరు తెచ్చుకుంది. పేర్లు రాయడం మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు కనుక ఆమె పేరూ రాయను.

ఆ సీరియల్ మా గల్లీలో ఎలా నడిచిందో చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

పత్రిక మా ఇంటికి ఒక్కటే వచ్చేది. మా ఆడబిడ్డే స్టేషన్ దగ్గర కొని తెచ్చేది. మగవాళ్ళు అన్నాలు తిని దుకాణంలోకి వెళ్ళాక, వెనక వసారాలో గల్లీ ఆడవాళ్ళంతా చేరేవారు. ఒకామె చాటలో బియ్యం, ఒకామె ఒళ్ళో ఉల్లిగడ్డలు, మేము మా చింతపండు. మధ్యలో ఒక పీట. దాని మీద అక్క. అక్క చదివితే అందరూ వినేవారు.

అక్క మూడో తరగతి దాకా బడికి వెళ్ళింది. ఒత్తులు మింగేసేది. వాక్యం ఎక్కడ తెగుతుందో తెలియక మధ్యలో గాలి పీల్చుకునేది. నేను బడికే వెళ్ళలేదు. హసన్‌పర్తి అవతల మా ఊళ్ళో మా బాపు నాకు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించాడు. ఆ తర్వాత ఒళ్ళో కూర్చోబెట్టుకుని పురాణం చదివించాడు. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ దించాలో, ఏ పదం దగ్గర ఆగి దండం పెట్టాలో ఆయన నేర్పిందే. ఏకాదశి నాడు ఇంట్లో పారాయణ నాదే. గల్లీ ఆడవాళ్ళు చేతులు జోడించుకుని కూర్చునేవారు, మెల్లగా కునుకు తీసేవారు, లేచేటప్పుడు "మంచిగ చదివినవ్ బిడ్డా" అని ప్రసాదం కళ్ళకద్దుకునేవారు. నా చదువుకు దండం పెట్టేవారు. అక్క చదువుకు ఏడ్చేవారు.

ఆ తేడా నేను ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. అక్క గొంతు వణికిన చోట చింతపండు కొట్టే రాళ్ళన్నీ ఒక్కసారి ఆగిపోయేవి. నా రాయి కూడా ఆగేది. నాకు కడుపు మండేది అందుకే.

భద్రకాళమ్మ దయ వల్ల నాకు ఏ లోటూ లేదు. పొద్దున దీపం పెట్టేటప్పుడు ఇచ్చినవన్నీ వరుసగా తలుచుకుని దండం పెట్టుకోవడం బాపు నేర్పిన అలవాటే. మంచి మొగుణ్ణి ఇచ్చావు, పిల్లలను ఇచ్చావు, కడుపు నిండా తిండి ఇచ్చావు, తోడుగా అక్కను ఇచ్చావు. ఆ చివరి మాట దగ్గర మాత్రం దీపం వత్తి సరిచేసుకోవలసిన పని పడేది.

సీరియల్‌లో తల్లి లేని పిల్ల ఒకతి ఉంది. ఒక వారం ఆ పిల్లను అన్న ఖిలా, అంటే మా వరంగల్ కోట, చూపిస్తానని తీసుకెళ్ళి, పెద్ద రాతి తోరణం దగ్గర నిలబెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి వెళ్ళిపోతాడు. పొద్దు గూకుతుంది. పిల్ల ఒక్కతే ఉంటుంది. అక్కడ ఆ వారం కథ అయిపోయింది.

ఆ రోజు వసారాలో ఎదురింటి మగ్గం అత్త కూతురు కూడా ఉంది. శత్రంజీలు, అంటే నూలు జంపఖానాలు, నేసే ఇల్లు వాళ్ళది. అందరం ఆ ఇల్లాలిని మగ్గం అత్త అనేవాళ్ళం. కూతురు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నిండు నెలలు. అక్క పత్రిక మూయబోయింది. ఆ పిల్ల ముఖం చూస్తే నాకు భయమేసింది.

బాపు పారాయణలో ఒక నియమం ఉండేది. చావు దగ్గర, ఎడబాటు దగ్గర, ఏడుపు దగ్గర పుస్తకం మూయకూడదు. మంచి ఘట్టం వచ్చేదాకా చదవాలి, లేకపోతే వెనక్కి వెళ్ళి ఏ పెళ్ళో, ఏ పుట్టుకో ఉన్న చోటు మళ్ళీ చదివి అక్కడ ఆపాలి. వినేవాళ్ళను చీకట్లో వదిలేసి లేవడం పాపం అనేవాడు.

"అక్కా, గట్ల ఆపొద్దు," అన్నాను. "గర్భిణి ఉన్నది. మంచి చోట ఆపాలె. ఎన్కకు పోయి బోనాల పండుగున్న పేజీ చదువు."

అక్క నా వైపు చూసింది, పత్రిక వైపు చూసింది. వెనక్కి వెళ్ళలేదు. వేలు కాగితం మీద పెట్టి ముందుకే పోయింది.

"అప్పుడు ఒక ముసలవ్వ వచ్చింది. తోరణం కింద ఒక రాయి మీద కూసున్నది. బిడ్డా, అన్నం తిన్నవా అని అడిగింది. కొంగు విప్పి జొన్నరొట్టె ముక్క చేతుల పెట్టింది. పిల్ల తిన్నది. అవ్వ దాని తల నిమిరింది."

అక్కడ పత్రిక మూసింది. మగ్గం అత్త కూతురు ముక్కు తుడుచుకుని నవ్వింది. అందరూ లేచారు.

అందరూ వెళ్ళాక నేను పత్రిక తీసి చూశాను. తోరణం, పొద్దు గూకడం, పిల్ల, 'ఇంకా ఉంది'. దాని కింద పళ్ళపొడి ప్రకటన. అవ్వ ఎక్కడా లేదు.

మా బాపు గ్రంథానికి ఒక్క అక్షరం చేర్చినా కళ్ళు పోతాయని నమ్మిన మనిషి. నియమం నాది. దాన్ని పట్టుకుని అక్క ఏకంగా ఒక మనిషినే పుట్టించింది. మర్నాడు పొయ్యి దగ్గర అడిగాను.

"అవ్వ ఏడ నుంచి వచ్చిందక్కా?"

"ఏమో నే. నువ్వే గదా మంచి చోట ఆపుమంటివి. ఆ జాగల మంచి చోటు లేకపాయె. మరేం చేద్దు?"

తర్వాతి వారం అచ్చులో పిల్ల మళ్ళీ ఇంట్లోనే ఉంది. అక్క తడుముకోలేదు. అవ్వ చెయ్యి పట్టుకుని ఇంటి దాకా తీసుకొచ్చి, మలుపులో మాయమైపోయిందని చదివేసింది. సీరియల్ అన్నాక ఏ వారం చూసినా చెడ్డ చోటే ఆగుతుంది. ఆ పిల్లకు జ్వరమొచ్చినా, బడి మాన్పించినా, పెళ్ళిచూపుల్లో ఎవరో వంక పెట్టినా చివరికి అవ్వ వచ్చేది. ఏదో ఒకటి తినిపించేది, ఒక మాట చెప్పేది, పోయేది. గల్లీకి నాయిక కంటే అవ్వ ముద్దు అయింది. మగ్గం అత్త కూతురికి కాన్పు సుఖంగా అయింది. "అంత అవ్వ చలవే," అంది అత్త. నేను ఆ తొమ్మిది నెలలూ ఆ పిల్ల పేరు మీద భద్రకాళమ్మకు చేసిన అర్చనల మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తమని నేనూ అనలేదు.

పత్రికల్లోంచి ఆ సీరియల్ కాగితాలన్నీ జాగ్రత్తగా చింపి, మగ్గం అత్త ఇచ్చిన నూలు దారంతో పుస్తకంగా కుట్టింది నేను. అట్టకు పాత పట్టుచీర అంచు అంటించాను. చదివింది మాత్రం అక్కే.

ఇప్పుడు మా ఆడబిడ్డ తెచ్చిన కబురు దగ్గరికి వస్తాను. ఎనభైలు వచ్చేశాయి అప్పటికి. ఆమె అసలు సంగతి చివరికి చెప్పింది. ఖిలాలో ఆ తోరణం దగ్గర, రచయిత్రి ఎదుట, ఆమె పుట్టి పెరిగిన గల్లీ మనిషి ఎవరైనా ఆ ఘట్టం చదివి వినిపించాలట. ఫోటో తీసి పత్రికలో వేస్తారట.

"చిన్నొదినా, నువ్వే చదవాలె," అంది. తర్వాత గొంతు తగ్గించి, "పెద్దొదిన ఒత్తులు మింగుతది గదా," అంది.

నాకు ఆ రోజు అన్నం సయించలేదు, సంతోషంతో. రాసిన మనిషి ఎదుట, రాసినదాన్ని రాసినట్టు చదవడం. నేను నేర్చుకున్నది అదొక్కటే. బాపు ఉంటే ఎంత మురిసిపోయేవాడో అనుకున్నాను. తెల్లవారి దేవుడికి దండాలు చెప్పుకుంటుంటే ఆ రోజు వత్తి సరిచేసుకోవలసిన పని పడలేదు. అంట్లు తోముతూ కూడా ఆ ఘట్టమే నోట్లో తిప్పుకున్నాను. ఆకుపచ్చ నేత చీర పరుపు కింద మడత పెట్టాను.

సాయంత్రం మా అత్తమ్మ తీర్పు చెప్పింది.

"పెద్దది ఉండంగ చిన్నది చదువుడేంది? గల్లోళ్ళు ఏమనుకుంటరు? పెద్దది చదువుతది. చిన్నది చాయ్ తీస్కపోతది."

"అత్తమ్మా, చెల్లె మంచిగ చదువుతది. దాన్నే చదువనియ్యుండ్రి," అంది అక్క.

"నువ్వు ఊకో."

అయిపోయింది. అక్క నా కోసం ఆ ఒక్కమాట అనకపోయినా బాగుండేదనిపించింది. అనకపోతే ఆమె మీద కోపం పెట్టుకోవడానికి నాకొక దారి ఉండేది.

వంటింట్లో మిగిలినప్పుడు నేను అడిగాను. "అక్కా, రేపు అవ్వను ఎట్ల చేస్తవు? పుస్తకంల అవ్వ లేదు. రాసినామె ఎదురుంగనే ఉంటది."

అక్క చాలాసేపు గిన్నె తోమిందే తోమింది. "నాకూ అదే ఫికరున్నది," అంది. "కాని మగ్గం అత్త వస్తానన్నది. అవ్వ రాకుంటె ఆమె నన్ను బతకనిస్తదా?"

అక్క నవ్వింది. నేను నవ్వలేదు. రేపు ఖిలాలో అక్క పట్టుబడుతుంది. అప్పుడు పుస్తకం ఎవరి చేతికి రావాలో వాళ్ళ చేతికి వస్తుంది. ఆ రాత్రి ఆ లెక్కతోనే నిద్రపోయాను.

రచయిత్రి రిక్షా దిగినప్పుడు గల్లీ అంతా దర్వాజాల్లో ఉంది. సన్నటి మనిషి, నెరిసిన జుట్టు, మామూలు కాటన్ చీర. వెంట ఫోటోలు తీసే అబ్బాయి. మగ్గం అత్త తోసుకుంటూ వచ్చి ఆమె గడ్డం పట్టుకుంది.

"గుమాస్తా బిడ్డవే గదా నువ్వు! ముక్కు కారుకుంట మా మగ్గం గుంతల దాసుకునేదానివి. యాదికున్నదా?"

"యాదికున్నది అత్తా. నువ్వు పుంజెతో కొట్టడం కూడా యాదికున్నది," అంది రచయిత్రి. పుంజె అంటే శత్రంజీ నేతలో పోగు బిగించే ఇనుప పంజా. గల్లీ అంతా గొల్లున నవ్వింది.

మొదట ఆమె పుట్టిన ఇల్లు చూడబోయాం. అది ఇప్పుడు మిరపకాయల గోదాం. లోపల అడుగు పెట్టామో లేదో అందరికీ తుమ్ములు. రచయిత్రి తుమ్ముకుంటూనే బస్తాల సందులోంచి దూరి వెనక గోడ తడిమింది. హమాలీలు నాలుగు బస్తాలు పక్కకు లాగితే ఒక గూడు కనపడింది. అందులో ఎవరో ఉమ్మిన కిళ్ళీ మరకలు.

"ఇక్కడే మా అమ్మ దీపం పెట్టేది," అంది ఆమె, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

అబ్బాయి ఆ గూటిని అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి ఫోటో తీశాడు. నేను రోజూ పసుపు రాసి, ముగ్గు వేసి దీపం పెట్టే గూడు మా ఇంట్లో ఉంది. ఒక్క మరక ఉండదు. దాని మీద ఎవరూ ఏమీ రాయలేదు కనుక దాన్ని చూడ్డానికి ఎవరూ రారు. ఆ మరకల గూటి మీద కూడా నాకు ఓర్వలేనితనం వచ్చిందంటే నమ్మండి.

తర్వాత మిల్లు గేటు. మేం వెళ్ళేసరికి సరిగ్గా సైరన్ మోగింది. రచయిత్రి రోడ్డు మీదే నిలబడి ఏడ్చింది. మగ్గం అత్త నా చెవిలో, "సైరన్‌కు ఏడుసుడేందే? మనం రోజు దానికి ఎసరు పెడుతం," అంది. నేను నవ్వాపుకోవడానికి ఫ్లాస్కు మూత బిగించాను.

అక్కడి నుంచి ఖిలాకు రిక్షాల్లో వెళ్ళాం. రచయిత్రి, మా ఆడబిడ్డ ఒక దాంట్లో. అక్క, మగ్గం అత్త ఒక దాంట్లో. నేను ఫ్లాస్కుతో, గ్లాసుల సంచితో, ఫోటోల అబ్బాయి పెట్టెలతో ఒక దాంట్లో. నేను కుట్టిన పుస్తకం అక్క ఒళ్ళో ఉంది.

తోరణం దగ్గర చెక్కిన రాళ్ళు ఎక్కడపడితే అక్కడ పడి ఉంటాయి. అన్నీ నల్లగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. దాని నెత్తిన పసుపు, కుంకుమ, ఎండిపోయిన బంతిపూలు, చీమలు పట్టిన బెల్లం ముక్క.

"ఈ రాయికి పూజేంటి?" అంది రచయిత్రి. "నా చిన్నప్పుడు లేదే ఇది."

మగ్గం అత్త కొంగు నెత్తిమీదికి లాక్కుంది. "నువ్వే గదా రాసినవ్! ఇది అవ్వ కూసున్న రాయి. మా బిడ్డ కాన్పయిన కాడ్నుంచి ఏటేటా వస్తాన్న. మొక్కు తప్పలేదు."

"ఏ అవ్వ?"

 తోరణం మీద చిలకలు గోల పెడుతున్నాయి.

"గదేందమ్మా?" అంది అత్త, నిజంగానే కంగారుపడి. "అవ్వను మరిసినవా? పిల్లకు రొట్టె పెట్టిన అవ్వ! రాసినదానివి నువ్వే మరిస్తె ఎట్ల?"

నేను అక్క వైపు చూశాను. ఎండ వల్ల కాదు, ఆమె ముఖం ఎర్రగా అయింది. నేను ఇన్నేళ్ళు దేవుడి కథ చదివితే నాకు దక్కింది కొబ్బరి చిప్ప. అక్క గాలిలోంచి తెచ్చిన ముసలిదానికి రాయి దక్కింది, పసుపు దక్కింది, మొక్కు దక్కింది. అనుకున్నట్టే పట్టుబడింది కదా అని లోపల ఒకటి లేచి కూర్చుంది. అయినా మా ఇంటి పరువు అక్కడ నిలబడి ఉంది. 

రచయిత్రి అక్క వైపు తిరిగింది. "చదువమ్మా," అంది మెల్లగా. "ఆ ఘట్టం చదువు."

అక్క ఒక నల్లరాయి మీద కూర్చుంది. పుస్తకం విప్పింది. రచయిత్రి ఆమె వెనక నిలబడి భుజం మీదుగా కాగితంలోకి చూస్తోంది. అక్క చదవడం మొదలుపెట్టింది. ఒత్తులు మింగింది. మధ్యలో గాలి పీల్చుకుంది. అన్న వెళ్ళిపోయాడు. పొద్దు గూకింది. పిల్ల ఒక్కతే మిగిలింది. వేలు 'ఇంకా ఉంది' దాకా వచ్చింది.

వేలు ఆగలేదు. కిందికి దిగి పళ్ళపొడి ప్రకటన మీదికి పోయింది. తెల్లటి పళ్ళతో నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ మీదుగా వేలు నడుస్తుంటే అక్క గొంతు చదువుతోంది. "అప్పుడు ఒక ముసలవ్వ వచ్చింది…"

అన్నం తిన్నవా అని అవ్వ అడిగింది. జొన్నరొట్టె పెట్టింది. తల నిమిరింది. మగ్గం అత్త కళ్ళు తుడుచుకుంది. అక్క పుస్తకం మూసి, వెనక్కి తిరగకుండా, తల వంచుకుని కూర్చుంది.

రచయిత్రి పసుపు రాయి మీద కూర్చోబోయింది.

"అయ్యో, దాని మీద కూసోకమ్మా! అవ్వది!" అంది అత్త.

ఆమె చటుక్కున పక్కకు జరిగి నేల మీదే కూర్చుంది. అప్పుడు చెప్పింది. "ఈ ఘట్టం నిజంగా జరిగింది. నవలలో అన్న అని రాశాను. వదిలిపెట్టి పోయింది మా నాన్న. అమ్మ పోయిన కొత్త. ఏదో కోపం. చీకటి పడ్డాక మళ్ళీ వచ్చి తీసుకుపోయాడు. అంతసేపు నా దగ్గరికి ఎవ్వరూ రాలేదమ్మా. ఎవరైనా వచ్చినట్టు రాయాలని నాకు తోచనే లేదు." తర్వాత అక్క చెయ్యి పట్టుకుంది. "ఈమెను ఎక్కడి నుంచి తెచ్చావు?"

అప్పుడు అక్క నా వైపు చెయ్యి చూపించింది.

"నాదేం లేదమ్మా. మంచి చోట ఆపాలె అని మా చెల్లె చెప్పింది. వాళ్ళ బాపు నేర్పిన పద్ధతి. నాకు చదువు రాదు, దానికి వస్తది. ఈ బుక్కు కుట్టింది కూడ అదే."

నేను జీవితమంతా ఎవరైనా అంటారేమో అని ఎదురుచూసిన మాట అది. దాన్ని కూడా అక్కే అనేసింది. ఇచ్చే దగ్గర కూడా నన్ను దాటిపోయింది.

రచయిత్రి నాకు నమస్కారం పెట్టింది. బాపు గురించి అడిగింది. చెప్పాను. "మీరూ ఒక పేజీ చదవండి," అంది. ఫ్లాస్కు కింద పెట్టాను. పుస్తకం తీసుకున్నాను. నా చేతికి వచ్చింది చివరికి. ఫోటోల అబ్బాయి కెమెరా తిప్పి చూసుకుని, "రీల్ అయిపోయిందమ్మా," అన్నాడు. అయినా చదివాను. తర్వాతి ఘట్టం, బాపు నేర్పినట్టు, ఒక్క ఒత్తు పోకుండా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ.

"చాలా శుద్ధంగా చదివారు," అంది రచయిత్రి. మర్యాద గల మనిషి.

మగ్గం అత్త అప్పటికి రాయి మీది చీమలు దులుపుతోంది. అక్క ఒక్కతే నా ముఖంలోకి చూస్తూ విన్నది. చాయ్ చల్లారిపోయింది. అందరం అదే తాగాం.

పత్రికలో ఫోటో వచ్చింది. తోరణం, రాయి, అక్క, ఆమె వెనక రచయిత్రి. కుడి అంచున ఒక చెయ్యి, చేతిలో ఫ్లాస్కు. గాజులను బట్టి నాదని మా ఇంటాయన గుర్తుపట్టాడు. దాన్ని అత్తమ్మ పటం కట్టించి దుకాణంలో గల్లా వెనక తగిలించింది. ఉప్పు కొనడానికి వచ్చినవాళ్ళకు కూడా చూపించేది. రచయిత్రి ఆ తర్వాత ఇంకా నవలలు రాసింది. ప్రతిదాంట్లో అవ్వ కోసం వెతికాను. ఎక్కడా లేదు. లేనందుకు ప్రతిసారీ సంతోషించాను. ఎందుకని మాత్రం అడగవద్దు.

అక్క ఎంతోకాలం ఉండలేదు. మేడారం జాతర వచ్చిన ఏడు, దుకాణం నిండా బెల్లం గుట్టలు పేర్చిన రోజుల్లో జ్వరం పట్టుకుంది. జాతరకు బెల్లం కొనేవాళ్ళతో ముందు గది నిండిపోయి ఉంటే, ఆమెను వెనక వాకిలి నుంచి దవాఖానకు తీసుకెళ్ళాం. తిరిగి ఆ వాకిలి నుంచే వచ్చింది, మాట్లాడకుండా.

మైల తీరి, దినాలు గడిచి, కొన్నాళ్ళకు ఆడవాళ్ళు మళ్ళీ చాటలతో వసారాలోకి వచ్చారు. పీట ఖాళీగా ఉంది. అత్తమ్మ దాన్ని కొంగుతో తుడిచి నా వైపు జరిపింది.

"ఇగ నువ్వే కూసో."

అన్నేళ్ళు ఆ పీటనే చూశాను. కూర్చుంటే అది ఒక పక్కకు ఒరిగింది. అక్క బరువుకు ఒక కాలు అరిగిపోయి ఉంది. పత్రికలో ఇంకెవరిదో సీరియల్. శుద్ధంగా చదివాను. ఆ వారం ఒక తల్లి స్టేషన్‌లో కొడుకు కోసం చూస్తుంటే బండి వెళ్ళిపోయిన చోట ఆగింది. నాకు తెలిసిన పద్ధతి ప్రకారం నాలుగు పేజీలు వెనక్కి తిప్పి, ఆ కొడుకు పుట్టినప్పటి ముచ్చట చదవబోయాను.

"మల్ల ఎన్కకు పోతవేందే?" అంది మగ్గం అత్త. "ఆ తల్లి గాడ ఒక్కతే ఉన్నది. అవ్వ ఏది? అవ్వను పిలువు."

అందరూ నా వైపే చూస్తున్నారు. చింతపండు రాళ్ళు ఆగిపోయాయి. నా చదువుకు అవి ఆగడం అదే మొదలు. బాపు ముఖం తలుచుకుని మనసులో క్షమించమన్నాను. వేలు అచ్చు దాటించి కింద ఉన్న సబ్బు ప్రకటన మీద పెట్టాను.

"అప్పుడు ఒక ముసలవ్వ వచ్చింది," అన్నాను. ఆ తర్వాత ఏం రావాలో తెలియలేదు. గ్రంథంలో లేని వాక్యం నా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. ప్లాట్‌ఫారం మీద ఆ తల్లి నిలబడే ఉంది. వసారా అంతా ఎదురుచూస్తోంది. అవ్వ ఏమంటుందో ఎంత వెతికినా నాకు ఒక్క గొంతే దొరికింది. కొత్త కోడలిగా వచ్చిన రోజు, ఎవరితో మాట్లాడాలో తెలియక ఈ వసారా మూలనే కూర్చుని ఉంటే, నా పక్కకు వచ్చి అడిగిన గొంతు.

"బిడ్డా, అన్నం తిన్నవా అని అడిగింది," అని చదివాను.

పత్రిక మూశాను. మగ్గం అత్త కళ్ళొత్తుకుని, "అచ్చం పెద్దదాని లెక్కనే చదివినవ్," అంది.

అది విని నా కడుపు మళ్ళీ భగ్గుమంది. దేవుడి దయ వల్ల ఆ మంట ఈనాటికీ చల్లారలేదు. పొద్దున దీపం దగ్గర వరుసలో ఇప్పుడు దానికి కూడా కృతజ్ఞత చెప్పుకుంటున్నాను. అక్క మీద కుళ్ళుకుంటున్నంతసేపూ ఆమె వంటింట్లోనే ఉన్నట్టుంటుంది.

చదివేవారికి నా మనవి ఒక్కటే. ఆ రచయిత్రిని తలుచుకోవడానికి చాలామంది ఉన్నారు. మా బాపును తలుచుకోవడానికి నేనున్నాను. మీ చేతిలోని పుస్తకం ఏ రోజైనా దుఃఖం దగ్గర మూయవలసి వస్తే, మూసే ముందు ఒత్తులు మింగుతూ చదివిన మా అక్కను ఒక్కసారి తలుచుకోండి.